పడవ తాడు ఎవరి భుజాన?



మీ ఇంట్లో పెద్దవాళ్లుంటే ఈ ఆదివారం ఒక మాట అడగండి: "మీరెప్పుడైనా కాలువ పడవ మీద ఊరెళ్లారా?" ఎక్కినవాళ్లయితే ఆ ప్రశ్నకే ముఖం వెలిగిపోతుంది. పడవలో పరిచిన చాప, విప్పిన అన్నం మూట, మెల్లగా వెనక్కి జరిగే కొబ్బరితోటలు, లాకుల దగ్గర ఎదురుచూపులు, అన్నీ చెబుతారు. ఆఖరున, ఆ పడవ లాగినవాడి పేరేమిటని అడగండి. చాలామందికి తెలియదు. అప్పుడూ తెలియదు.

ధవళేశ్వరం ఆనకట్ట పని 1847లో మొదలై 1852లో పూర్తయింది. సాగునీటితో పాటు పడవల రాకపోకలకూ కాలువలు పనికిరావాలని కాటన్ దొర పట్టుబట్టాడు. గోదావరి కాలువ ఏలూరులో కృష్ణా కాలువతో కలిసింది. అక్కడి నుంచి కొమ్మమూరు, బకింగ్‌హాం కాలువల మీదుగా మద్రాసు దాకా నీటిదారి ఏర్పడింది. రైళ్లూ బస్సులూ పెరిగేదాకా ధాన్యానికీ, పెళ్లివారికీ కాలువే రోడ్డు. గాలి కలిసొస్తే తెరచాప ఎత్తేవారు. లేకుంటే గట్టు మీద మనుషులు తాడు భుజాన వేసుకొని, వంగి నడుస్తూ లాగేవారు.

మొగల్తూరునే తీసుకోండి. నరసాపురానికి పడమరగా, సముద్రానికి చేరువలో ఉన్న ఈ ఊరు ఒకప్పటి జమీందారీ. కలిదిండి రాజుల కోట దానికి గుర్తు. ఇలాంటి ఊరికి రోడ్డు మీద వస్తే ఊరు తన ముందు ముఖం చూపిస్తుంది: పెద్ద గుమ్మాలు, అరుగులు. కాలువ మీద వస్తే పెరటి ముఖం కనిపిస్తుంది: రేవులో అంట్లు తోమే చేతులు, గేదెలను కడిగే పిల్లలు, నారు మోసే తలలు. జమీందారుకు శిస్తు ముట్టింది ఆ చెమటలోంచే. 1948 నాటి ఎస్టేట్ల రద్దు చట్టంతో జమీందారీలు పోయాయి. కోటను మాత్రమే చూసే అలవాటు మనలో ఇంకా పోలేదు.

"అయితే అందమైన భవనాన్ని మెచ్చుకోవడం తప్పా? ప్రతిదాని వెనుకా చెమట లెక్కలు చూస్తూ కూర్చుంటే సంతోషమన్నది మిగులుతుందా?" అని మీరడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. సంతోషించడం తప్పు కాదు. తాడు లాగే మనిషిని గట్టు మీది చెట్టులాగా చూడడం తప్పు. చెట్టును చూసి ఆనందిస్తాం, దానికి కాళ్లు నొప్పెడుతున్నాయా అని అడగం. మనిషిని కూడా అడగకుండా సాగిపోయామంటే మనం చూసింది సగమే.

లాకు మనకొక పాఠం చెబుతుంది. పడవలు లోపలికి వచ్చాక తలుపులు మూసి నీరు నింపుతారు. దొరగారి పడవ, గడ్డిమోపుల పడవ పక్కపక్కనే ఉంటే రెండూ ఒకే ఎత్తుకు లేస్తాయి. ఒక్కదాన్నే పైకెత్తడం నీటికి చేతకాదు. అదే నీరు పొలాల మీదికి వెళ్లేసరికి సంగతి మారిపోతుంది. ఎగువ రైతు తూము ఎత్తితే శివారు పొలం ఎండుతుంది. ఎగువవాడు దుర్మార్గుడు కానక్కర్లేదు. దిగువవాడు అతని కంటికి కనబడడు, అంతే! సముద్రం దరి ఊళ్లవారికి ఈ బాధ కొత్త కాదు. ఎదుట ఉన్నవాడికి మేలు చేయడం సులభం. కంటికి ఆననివాడిని తలుచుకొని చేయి వెనక్కి తీసుకోవడంలోనే ధర్మం ఉంది.

ఇప్పుడు మనం బస్సుల్లో, కార్లలో తిరుగుతున్నాం. అయినా మన సంసారపు పడవను ఎవరో ఒకరు లాగుతూనే ఉన్నారు. తెల్లవారుజామున పాలు తెచ్చే అబ్బాయి, ఇంట్లో అంట్లు తోమే అమ్మ, మన అన్నానికి నాట్లు వేసిన కూలీ. వారిలో ఎందరి పేర్లు మనకు తెలుసు? ఎందరి ఇళ్లు చూశాం?

ఈ వారం ఒక్కరి పేరు అడిగి తెలుసుకోండి. వారి కష్టసుఖాలు వినండి, ఇవ్వవలసిన కూలి బాకీ ఉంటే ఆ రోజే ఇచ్చేయండి. రాత్రి భోజనాల దగ్గర ఆ పేరు మీ పిల్లలకు చెప్పండి. రేపు వారి మనుమలు "ఎవరు లాగారు?" అని అడిగితే, చెప్పడానికి ఒక్క పేరైనా ఉండాలి కదా!