చేతికందే వేట ఒక పరీక్ష

 

శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతాల యువకులు కొందరు మమ్మల్ని తరచూ అడిగే ప్రశ్న ఒకటుంది. "మౌలానా! షికార్ జాయిజ్ అని ఖుర్ఆన్‌లోనే ఉంది కదా. ఊరి చెరువు, ప్రభుత్వ తోట, అడవి ఎవరి అబ్బ సొమ్మూ కాదు. అక్కడి కొంగనో, కౌజునో, కుందేలునో బిస్మిల్లాహ్ అని పట్టి జబహ్ చేసుకుంటే తప్పేమిటి?" అంటారు. ఈ ప్రశ్నలో సగం నిజం ఉంది. అందుకే దీన్ని ఒక్క మాటతో కొట్టిపారేయలేము.

ముందుగా ఆ నిజమైన సగం చూద్దాం. వేట స్వతహాగా ధర్మసమ్మతమే. శిక్షణ ఇచ్చిన జంతువులు పట్టి తెచ్చిన వేటను అల్లాహ్ పేరు స్మరించి తినవచ్చని మాయిదా సూరా నాలుగవ ఆయతు తెలుపుతోంది. తయ్యి తెగకు చెందిన హజ్రత్ అదీ బిన్ హాతిమ్ (రజి) వేట గురించి దైవప్రవక్త (స)ను ఎన్నో ప్రశ్నలు అడిగి తెలుసుకున్నారు. హజ్రత్ అబూ ఖతాదా (రజి) ఇహ్రామ్‌లో లేని స్థితిలో ఒక అడవి గాడిదను వేటాడితే, ఇహ్రామ్‌లో ఉన్న సహచరులు కూడా ఆ మాంసం తిన్నారు. వారిలో ఎవరైనా ఆయనకు సాయం చేశారా, సైగ చేసి చూపించారా అని దైవప్రవక్త (స) విచారించి, లేదని తెలిశాక అనుమతించారు. అడవి జంతువుకు పుట్టుకతో యజమాని ఉండడు, ఎవరు పట్టుకుంటే వారిది అవుతుందన్నది ఫుఖహా చెప్పిన సూత్రమే. మన యువకులు ఇంతవరకు సరిగ్గానే విన్నారు. ఇక్కడితో ఆగిపోయారు.

మాయిదా సూరాను మొదటి నుంచి శ్రద్ధగా చదివి చూడండి. మొదటి ఆయతులోనే వేట ప్రస్తావన ఉంది. అదే ఆయతు ఏ మాటతో మొదలవుతోంది? చేసుకున్న ఒడంబడికలను నెరవేర్చండన్న ఆజ్ఞతో. రెండవ ఆయతులో, ఇహ్రామ్ విడిచాక వేటాడుకోవచ్చన్న అనుమతి ఉంది. అదే ఆయతు చివర పుణ్యకార్యాలలో ఒకరికొకరు సహకరించుకోండి, పాపంలోను దౌర్జన్యంలోను సహకరించకండి అన్న ఆదేశం ఉంది. మనవాళ్ళు ఈ రెండు ఆయతుల్లోంచి 'వేట' అన్న ముక్కను కోసుకుని, ఇటు ఒడంబడికను, అటు సహకారాన్ని వదిలేశారు. ఇక 94వ ఆయతు చూడండి. విశ్వాసుల చేతులకు, బల్లాలకు అందేంత దగ్గరలో వేటను ఉంచి, చూడకుండానే తనకు భయపడేవారెవరో అల్లాహ్ పరీక్షిస్తాడని అది చెబుతోంది. హుదైబియా ప్రయాణంలో వన్యమృగాలు, పక్షులు ముస్లిముల బిడారాల దగ్గరకే వచ్చాయని తఫ్సీర్ గ్రంథాలు వివరిస్తాయి. చెయ్యి చాస్తే చాలు. అయినా చాచకూడదు.

ఆ ఆయతు దిగినది ఇహ్రామ్ ధరించినవారి విషయంలో. మామూలు రోజుల్లో మనకు ఇహ్రామ్ ఆంక్ష లేదు, నిజమే. కాని 'చేతికి అందుతున్నది కాబట్టి నాదే' అన్న ఆలోచనకు అందులో జవాబు ఉంది. దాని అర్థం కళ్ళారా చూడాలనుకుంటే టెక్కలి మండలంలోని తేలినీలాపురం వెళ్ళండి. పెలికాన్‌లు, పెయింటెడ్ స్టార్క్ జాతి కొంగలు ప్రతి ఏటా వచ్చి, అక్కడ ఊరి చెట్ల మీదే గూళ్ళు కట్టి, గుడ్లు పెట్టి, పిల్లల్ని పెంచుకుంటాయి. దగ్గరలోని నౌపడా చిత్తడి నేలల్లో, చెరువుల్లో మేత దొరుకుతుంది. ఇవి సైబీరియా నుంచి వస్తాయని చాలామంది చెప్పుకుంటారు గాని, ఈ రెండూ దక్షిణాసియాలోనే పుట్టి పెరిగే పక్షులు. ఇచ్ఛాపురం మండలం తేలుకుంచిలోనూ ఇంతే. తొలకరికి ఓపెన్‌బిల్ కొంగలు వస్తాయి, పొలాల్లోని నత్తలను ఏరుకు తింటాయి. రెండు చోట్లా ఆ పక్షులకు మనిషంటే భయం తక్కువ. ఇళ్ళ మధ్య చెట్టు కొమ్మ మీద గూడు. కింద నిలబడి రాయి విసిరితే తగులుతుంది.

ఆ రాయి ఎందుకు పడటం లేదు? ఊరివాళ్ళు పడనివ్వడం లేదు కాబట్టి. తరతరాలుగా వాళ్ళు ఈ పక్షులను కాపాడుతున్నారు. పక్షులు వస్తే ఊరికి మంచి జరుగుతుందని, వానలు పడతాయని వారి నమ్మకం. మనం మంచిచెడులు అల్లాహ్ చేతిలో ఉన్నాయని విశ్వసిస్తాం, శకునాలను నమ్మము. అయితే పొరుగువారి నమ్మకం మనది కానంత మాత్రాన, వారు ప్రేమగా చూసుకునే ప్రాణి మీద మనకు హక్కు పుట్టుకురాదు. పొరుగువాని హక్కు గురించి జిబ్రయీల్ (అలై) ఎంతగా తాకీదు చేశారంటే, పొరుగువానికి వారసత్వంలో కూడా భాగం ఇస్తారేమోనని దైవప్రవక్త (స)కు అనిపించింది. పొరుగువాడు ముస్లిమైతేనే అని అక్కడ షరతు లేదు.

ఇప్పుడు 'ఎవరి అబ్బ సొమ్మూ కాదు' అన్న మాటకు వద్దాం. నీరు, పచ్చిక, నిప్పు ఈ మూడింటిలో ప్రజలందరూ భాగస్వాములని అబూదావూద్‌లో హదీసు ఉంది. కొందరు దీన్నే తమకు ఆధారంగా చూపుతారు. భాగస్వామి అంటే ఎవరు? నలుగురు అన్నదమ్ముల ఉమ్మడి తోటలో ఒకడు రాత్రికి రాత్రి మామిడికాయలన్నీ కోసుకుపోతే, 'నాకూ వాటా ఉందిగా' అంటే మిగతా ముగ్గురూ ఊరుకుంటారా? ఉమ్మడిది అంటే ఎవరిదీ కానిది కాదు, అందరిదీ అయినది. షరీఅత్‌లో దీనికి 'హిమా' అనే ఏర్పాటు ఉంది. ఉమ్మడి బీడును అందరి అవసరం కోసం కాపుదలలో ఉంచడం అన్నమాట. హిమా అల్లాహ్‌కు, ఆయన ప్రవక్తకు తప్ప మరెవరికీ లేదని బుఖారీలో ఉంది. అంటే పెద్దమనుషులు సొంతానికి కంచె వేసుకోవడం పనికిరాదు. ప్రజల మేలు కోసమైతేనే చెల్లుతుంది.

హజ్రత్ ఉమర్ (రజి) తన ఖిలాఫత్‌లో హిమా కాపలాకు హునయ్ అనే ఆయనను నియమించారు. అప్పుడు ఆయనకు చేసిన ఉపదేశం బుఖారీలో వివరంగా ఉంది. నాలుగు ఒంటెలు, నాలుగు గొర్రెలు ఉన్న పేదవాణ్ణి లోపలికి రానివ్వమన్నారు. ఇబ్నె ఔఫ్, ఇబ్నె అఫ్ఫాన్ వంటి సంపన్నుల మందలను మాత్రం రానివ్వవద్దన్నారు. వారి పశువులు పోయినా ఖర్జూర తోటలు, పొలాలు ఉన్నాయి. పేదవాని పశువులు పోతే అతను పిల్లలతో తన గుమ్మం ముందు నిలబడతాడని అన్నారు. పేర్లు గమనించండి. ఇద్దరూ స్వర్గ శుభవార్త పొందిన పదిమందిలోని వారు! హిమా ముఖ్యంగా పచ్చిక విషయం, వేట విషయం కాదని మాకు తెలుసు. అయినా ఉమ్మడి నేల మీద ఎవరు ఏం చేయవచ్చో, ఏం చేయకూడదో నిర్ణయించే అధికారం ఆ నేల బాధ్యత మోసేవారికి ఉంటుందన్న నియమం ఇందులో స్పష్టంగా ఉంది.

మన దేశంలో ఆ నిర్ణయం ఎప్పుడో జరిగిపోయింది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంలో మొదట కొన్ని జంతువుల వేటకు లైసెన్సులు ఉండేవి. మా తాతగారు లైసెన్సుతో వేటాడేవారని ఎవరైనా చెబితే అబద్ధం కాకపోవచ్చు. 1991 సవరణతో ఆ లైసెన్సుల పద్ధతి రద్దయింది. పార్కు, చెరువుగట్టు, రిజర్వు అడవి, సొంత జీడితోట – ఎక్కడైనా సరే, చట్టం షెడ్యూళ్ళలో ఉన్న జంతువును, పక్షిని వేటాడటం నేరం. చట్టం దృష్టిలో 'వేట' అంటే చంపడమే కాదు. ఉచ్చు వేయడం, వల పన్నడం, పట్టుకోవడం, పక్షుల గుడ్లను పాడుచేయడం, గూళ్ళను కదిలించడం కూడా వేటే. మామూలు ఉల్లంఘనకు మూడేళ్ళ వరకు జైలు, 2022 సవరణ ప్రకారం లక్ష రూపాయల వరకు జరిమానా. విశాఖపట్నం పక్కనున్న కంబాలకొండ వంటి అభయారణ్యంలో వేటాడినా, మొదటి షెడ్యూలు ప్రాణిని ఎక్కడ చంపినా మూడేళ్ళకు తగ్గని జైలు, అది ఏడేళ్ళ దాకా పోవచ్చు.

"అది సర్కారు చట్టం, షరీఅత్ కాదు కదా" అంటారా? షరీఅత్ ముబాహ్‌గా వదిలిన పనిని చేయమని అల్లాహ్ ఆజ్ఞాపించలేదు, చేసుకోవచ్చన్నాడు అంతే. నమాజు మానమని ఎవరైనా చట్టం చేస్తే దాన్ని పాటించము. కొంగను కొట్టవద్దంటే మన దీన్‌కు వచ్చిన లోటు ఏముంది? పైగా మనం ఈ దేశ పౌరులుగా, ఇక్కడి రేషను కార్డు, పట్టా, పాస్‌పోర్టు తీసుకుని, దీని చట్టాలకు లోబడి ఉంటామన్న ఒడంబడికలో ఉన్నాం. మాయిదా మొదటి ఆయతులో వేట కన్నా ముందు వచ్చిన మాట అదే. ఇంకొకటి. విశ్వాసి తనను తాను అవమానం పాలు చేసుకోవడం తగదని తిర్మిజీ హదీసు తెలుపుతోంది. అర కిలో మాంసం కోసం పట్టుబడి, అటవీశాఖ వారి ముందు తలవంచుకుని నిలబడితే, అబ్బా, అమ్మీ కోర్టు వరండాలో కూర్చోవలసి వస్తే ఆ అవమానం ఒక్కడితో ఆగుతుందా? మహల్లా మొత్తానికి అంటుకుంటుంది.

మరి ఆ మాంసం హరామా అని అడుగుతారు. ఇక్కడ జాగ్రత్తగా మాట్లాడాలి. తినదగిన జాతి పక్షిని ప్రాణంతో పట్టి, అల్లాహ్ పేరుతో జబహ్ చేస్తే, చట్టం వద్దన్నందువల్ల అది 'ముర్దార్' అయిపోదు. చేసిన పని గునాహ్, మాంసం వేరే విషయం. (ఏ కొంగ తినదగినది అన్న దానిలో మజ్హబ్‌ల మధ్య భేదం ఉంది, దాన్ని మరోసారి చూద్దాం.) అయితే మన కుర్రాళ్ళు పట్టేది ప్రాణంతో కాదు. ఉండేలుతో కొడతారు, ఎయిర్‌గన్‌తో కాలుస్తారు. పక్షి దెబ్బకే చచ్చి పడుతుంది. దెబ్బ తగిలి చచ్చినది 'మౌఖూజా', మాయిదా మూడవ ఆయతు ప్రకారం నిషిద్ధం. బాణం అడ్డంగా తగిలి చచ్చిన దాన్ని తినవద్దని హజ్రత్ అదీ (రజి)కి దైవప్రవక్త (స) చెప్పారు. రాయి కోయదు, పగలగొడుతుంది. తుపాకీ గుండు విషయంలోనూ మన హనఫీ ఉలమాలో ఎక్కువమంది ఇదే తీర్పునిచ్చారు. కాల్చేటప్పుడు బిస్మిల్లాహ్ అన్నా సరే, జబహ్‌కు ముందే ప్రాణం పోతే అది తినరాదు. అంటే చాలా సందర్భాలలో చట్టం దాకా పోనక్కరలేదు, ఆ కూర ఇంట్లోనే హరామ్!

ఇక సరదా వేట. విజయనగరం రాజకుమారుడు విజ్జీ క్రికెట్‌తో పాటు పులుల వేటకూ పేరుపొందారు. జమీందారీలు పోయాయి గాని ఆ దర్జా మీద మోజు మాత్రం మన కుర్రాళ్ళకు పోలేదు, చచ్చిన పిట్టతో ఫోటో దిగి ఫోనులో అందరికీ పంపుకుంటారు. వినోదం కోసం చేసే వేటను దుర్రె ముఖ్తార్ వంటి మన హనఫీ గ్రంథాలే అనుమతి నుంచి మినహాయించాయి. కొందరు కుర్రాళ్ళు ఒక ప్రాణిని కట్టి గురి చూసి కొడుతుంటే హజ్రత్ ఇబ్నె ఉమర్ (రజి) అటు వచ్చారు. వారు చెదిరిపోయారు. ప్రాణమున్న దాన్ని గురిపెట్టి ఆడేవాణ్ణి దైవప్రవక్త (స) శపించారని ఆయన చెప్పారు. పిచ్చుకనైనా అన్యాయంగా చంపితే ప్రళయదినాన దాని లెక్క అడగబడుతుందని నసాయీలో ఉంది. ఒక ప్రయాణంలో కొందరు సహాబా ఒక పిట్ట పిల్లలు రెండింటిని తీసుకున్నారు. తల్లి పిట్ట వచ్చి రెక్కలు కొట్టుకుంటూ అల్లాడింది. దైవప్రవక్త (స) చూసి, బిడ్డలను తీసుకుని దీన్ని బాధపెట్టింది ఎవరని అడిగి, తిరిగి పెట్టించారు. సహాబా ఆ పిల్లల్ని చంపలేదు, పట్టుకున్నారంతే. తేలినీలాపురం చెట్ల కింద నిలబడినప్పుడు మాకు గుర్తొచ్చేది ఈ హదీసే.

వేటాడకుండా కొనేవారి సంగతి కూడా చెప్పాలి. రోడ్డు పక్కన వలలో కౌజులు, నీటికోళ్ళు పట్టుకుని అమ్మేవాడు తరచుగా నిరుపేద. పట్టుబడితే జైలుకు పోయేది కూడా అతనే. కారు ఆపి, అద్దం దించి, 'జత ఎంత?' అని అడిగేది మనం. అతన్ని తిట్టే ముందు మాయిదా రెండవ ఆయతు చివరి భాగాన్ని మన మీద మనం చదువుకోవాలి. మన దగ్గర డబ్బుంది, కోళ్ళ దుకాణం ఉంది.

పంట పాడుచేసే అడవి పందుల గురించి అడిగే రైతులూ ఉన్నారు. పార్వతీపురం వైపు ఇది నిజమైన కష్టమే. హాని చేసే ప్రాణిని నివారించడం షరీఅత్‌లో ఉంది, కొన్నింటిని హరమ్‌లో సైతం చంపవచ్చని హదీసు అనుమతించింది. చట్టంలోనూ ప్రాణరక్షణకు, పంటరక్షణకు దారి ఉంది. పంట విషయంలో ఆ దారి అటవీశాఖ అనుమతితో వెళ్ళాలి. పొలం గట్టున కరెంటు తీగ లాగడం మాత్రం ముమ్మాటికీ జాయిజ్ కాదు. తెల్లవారుజామున ఆ తీగ మీద పడేది పక్క పొలం రైతు కావచ్చు. అప్పుడది వేట కాదు, మనిషి ప్రాణం తీయడం.

ఇప్పటికే వేటాడి ఉన్నవారు కఫ్ఫారా ఏమిటని అడుగుతారు. ఇహ్రామ్‌లోను, మక్కా హరమ్‌లోను చేసిన వేటకు ఉన్న 'జజా' ఇక్కడ వర్తించదు. నిజమైన తౌబా చేయాలి, మళ్ళీ చేయనని నిశ్చయించుకోవాలి. ఎవరి పెరటి చెట్టు మీది గూడు చెదరగొట్టారో వారి దగ్గరకు పోయి క్షమాపణ అడగాలి. గూటిలోంచి పడిన పిల్ల కనబడితే ఇంటికి తెచ్చి పెంచబోకండి, ఆ ఊరి కాపలాదారుకో అటవీశాఖ సిబ్బందికో కబురు పెట్టండి. పిల్లలకు ఉండేలు కొనిపెట్టిన తండ్రులు ఈ రాత్రే దాన్ని పొయ్యిలో వేయండి.