కెమెరా ఎవరి చేతికి?

నల్లజాతి వీరుడి సినిమాకి దర్శకత్వం వహించాల్సింది నల్లవాళ్లేనా? ఈ ప్రశ్న వినగానే 'కళకు రంగేమిటి?' అని విసుక్కునేవాళ్లున్నారు. ఆ విసుగు మనకు కొత్త కాదు. స్త్రీల గురించి రాయడానికి స్త్రీయే కావాలా అని మనల్నీ అడిగారు. దళిత స్త్రీలు తమ బతుకు తామే రాస్తామన్నప్పుడు స్త్రీవాదుల్లోనూ కొందరు అదే మాట అన్నారు.

బ్లాక్ పాంథర్ పాత్రను 1966లో సృష్టించింది స్టాన్ లీ, జాక్ కిర్బీ అనే ఇద్దరు తెల్ల పురుషులు. 1998 నాటి 'బ్లేడ్' దర్శకుడూ తెల్లవాడే. ఆ సినిమా బాగానే ఆడింది. కాబట్టి ఇతరులు ఊహించలేరని నేననను. ఊహించే అవకాశం ఇన్నేళ్లూ ఒక్క వైపే ఎందుకు ఉండిపోయిందన్నదే నా ప్రశ్న. తెల్ల పురుషుడికి అందరి కథలూ చెప్పే అర్హత పుట్టుకతోనే వచ్చినట్టు చూసేవాళ్లు, నల్లవాళ్లు తమ కథ తాము చెబుతామంటే మాత్రం ప్రతిభ గురించి మాట్లాడతారు.

2015లో మార్వెల్ సంస్థ 'సెల్మా' తీసిన అవా డువెర్నేతో చర్చలు జరిపింది. కథ విషయంలో అభిప్రాయాలు కలవక ఆమె తప్పుకున్నారు. నాకిది ముఖ్యం. కుర్చీలో కూర్చోవడం ఒక్కటే హక్కు కాదు, 'ఇలా తియ్యను' అనగలగడం కూడా హక్కే. షరతులు రాసే చెయ్యి మారకుండా కుర్చీలో మనిషి రంగు మారితే అది అలంకారమే.

తర్వాత వచ్చిన రయాన్ కూగ్లర్ 2018లో సినిమా విడుదల చేశారు. దుస్తుల రూపకర్త రూత్ కార్టర్, కళా రూపకర్త హానా బీచ్‌లర్ 2019లో ఆస్కార్లు అందుకున్నారు. ఆ రెండు విభాగాల్లోనూ గెలిచిన తొలి నల్లజాతీయులు వాళ్లే. ఛాయాగ్రాహకురాలు రేచల్ మారిసన్ తెల్ల స్త్రీ. పుట్టుకే అర్హత అనుకుంటే ఆమెకు చోటుండేది కాదు. సరైన దర్శకుడంటే తాను లోపలికి వచ్చాక తలుపు మూసెయ్యనివాడు అని నాకనిపిస్తుంది.

అయినా వకాండాలో ఈటెలు పట్టిన స్త్రీలను చూసి మురిసిపోతే చాలదు. మార్వెల్‌లో ఒక నల్లజాతి స్త్రీ, నియా డకోస్టా, దర్శకత్వం వహించిన తొలి సినిమా 'ది మార్వెల్స్' 2023లో గానీ రాలేదు. అది వసూళ్లలో దెబ్బతింది. 2004లో హాలీ బెరీ నటించిన 'క్యాట్‌వుమన్' కూడా దెబ్బతింది. దాని దర్శకుడు ఫ్రెంచి పురుషుడు. ఇక పురుషులకు ఇలాంటి సినిమాలు ఇవ్వకూడదని అప్పుడెవరూ తీర్మానించలేదు. ఓడిపోయినా మళ్లీ పిలుపు అందుకునే హక్కు అందరికీ దొరికేదాకా, 'కళకు రంగు లేదు' అన్న మాటను నేను నమ్మలేను.