మేధ యొక ఋణము

సువర్ణరేఖా ఖర్కాయీ నదుల సంగమమున వెలసిన జంషెడ్‌పూరు నగరమునకు మూలము ఒక గుర్తింపు. మయూరభంజములోని గోరుమహిసానీ కొండలయందు ఇనుపఖనిజము అనాదిగా నుండెను. దాని విలువ నెరిగిన భూగర్భశాస్త్రజ్ఞుడు ప్రమథనాథ బోసు 1904లో జంషెట్జీ టాటాకు లేఖ వ్రాసెను. 1912లో ఇచట ఉక్కు తయారయ్యెను. గుర్తించువాడు లేనిచో ఖనిజము మన్నే. కొలిమి లేనిచో ఆ గుర్తింపును వ్యర్థమే.

బాలుర మేధయు నిట్టిదే. ఏడేండ్ల బాలుడొకడు తరగతిలో చెప్పుచున్న పాఠమును అంతకు మునుపే గ్రహించియుండును. అట్టివానిని ఊరక కూర్చుండుమనుట తరచుగా జరుగుచుండును. పనిలేని బుద్ధి అల్లరికో సోమరితనమునకో లోనగును. పిదప తప్పు బాలునిదే యందురు.

గుర్తించుట సులభము కాదు. మార్కులొక్కటే మేధకు కొలత కాదు. ఇంట తెలుగో, సంతాలీయో, హో భాషయో మాటాడి బడిలో హిందీనో ఇంగ్లీషునో వినవలసిన పిల్లలు జంషెడ్‌పూరులో నెందరో కలరు. మాట తడబడినంతనే బుద్ధి మందమని తలపరాదు. ఆ బిడ్డ వేయు ప్రశ్నను, తనంతట తాను వెదకుకొను త్రోవను గమనింపవలెను.

ఆత్మ అందరియందును సమమే కదా, ఒకనియెడ ప్రత్యేకశ్రద్ధ పక్షపాతము కాదా యని సందేహము కలుగవచ్చును. ఎవరి ఆకలికి తగినట్లు వారికి వడ్డించు తల్లికి పక్షపాతమెక్కడిది?

ఛాందోగ్యోపనిషత్తులో సత్యకాముడు తన గోత్రమెరుగనని నిజము పలికెను. ఆ సత్యమును బట్టియే హారిద్రుమత గౌతముడు వాని యోగ్యతను గ్రహించెను. గ్రహించి, పొగడి ఊరకుండలేదు. బక్కచిక్కిన నాలుగువందల గోవుల నప్పగించెను. అవి వేయి అగువరకు మరలిరానని బాలుడు బయలుదేరెను. శక్తికి తగిన భారమే నిజమైన ఆదరణము.

అదే ఉపనిషత్తులో శ్వేతకేతువు పండ్రెండేండ్లు చదివి గర్వముతో ఇల్లు చేరెను. తండ్రియగు ఉద్దాలకుడు వాని చదువున కందని ప్రశ్న నొకదానిని వేసెను. విద్యాగర్వమునకు మందు మందలింపు కాదు, మరింత లోతైన విద్య.

కావున ఉపాధ్యాయుడు అట్టి బిడ్డకు కఠినతరమైన లెక్కను, మరియొక గ్రంథమును ఈయవలెను. ఇట్టివారికి అదనపు పాఠ్యసామగ్రియు ప్రోత్సాహమును కావలెనని 2020నాటి జాతీయ విద్యావిధానమును చెప్పుచున్నది. అయితే ఆటపాటలను, తోడివారి చెలిమిని వానికి దూరము చేయరాదు. తల్లిదండ్రులు బిడ్డను నలుగురిలో ప్రదర్శనవస్తువును చేయరాదు.

విదేశములలో ఉన్నతవిద్య నభ్యసింపగోరు భారతీయులకై జంషెట్జీ టాటా 1892లో నొక నిధిని నెలకొల్పెను. అందలి ధనము దానముగా గాక అప్పుగా నీయబడును. ఒకడు తీర్చినది మరియొకనికి చేరును. మన పెద్దలు ఋషిఋణమనినది ఇట్టిదే. మేధ బిడ్డ సొత్తు కాదు, తల్లిదండ్రుల కీర్తియు కాదు. తనకంటె వెనుకబడిన తోటివానికి లెక్క నేర్పిననాడే ఆ బాలుడు తన ఋణమును తీర్చ మొదలిడినవాడగును. ఆ మొదటి అవకాశమును కల్పించుట పెద్దల ధర్మము.