నీకెందుకే గీ బండి?

అవసరానికి కొన్న వస్తువుకు ఎవరూ లెక్క అడగరు. సైకిలు కొంటే కూలికి పోవడానికి అంటారు. నాలుగు తలుపుల కారు కొంటే పిల్లలు, ముసలోళ్లు, దవాఖాన అని కారణాలు వాళ్లే వెతికి పెడతారు. కానీ పైకప్పు మడిచి తీసేసే కారును, రెండే సీట్లుండి మూడో మనిషికి గాని బియ్యం బస్తాకు గాని జాగా లేని కారును ఒక మాదిగ ఆడది కొంటే ఏ కారణమూ దొరకదు. దొరకదు గనకనే అడుగుతారు, నీకెందుకే గీ బండి అని.

ఈ మాట నన్ను చాలామంది అడిగిన్రు. వినడానికి ఒకటే ప్రశ్న. అడిగే మనిషి మారితే మాత్రం ప్రశ్నే మారిపోతది. అందుల ఎవరికి జవాబు చెప్పాలె, ఎవరికి చెప్పనక్కరలేదు అన్నదే నేను తేల్చుకోవలసిన సంగతి.

ముందు బండి గురించి చెప్పాలె. దాని పేరు శాన్ స్టార్మ్. 1990ల చివర గోవాలో తయారయిన బండి. ఫైబర్ ఒళ్లు, రెనో కంపెనీ 1149 సీసీ ఇంజన్. తయారీ ఆగిపోయిన చాన్నాళ్లకు ఒకరి దగ్గర పాతది కొన్న. పాలిటెక్నిక్‌లో ఆటోమొబైల్ పాఠాలు చెప్పిన జీతం పైసలవి. పదిహేనేండ్లు దాటిన బండి గనక ఫిట్‌నెస్ చూపించి రిజిస్ట్రేషన్ రెన్యువల్ చేయించుకుంటూ నడుపుతున్న.

ఇసొంటి బండ్లకు ఒక తర్కముంది. ఇంజన్ బలం పెంచడం కాదు, బండి బరువు తగ్గించడం. ఇంగ్లండులో లోటస్ కంపెనీ పెట్టిన కోలిన్ చాప్‌మన్ నమ్మింది ఇదే. బరువు తక్కువైతే చిన్న ఇంజన్ చాలు, బ్రేకు తొందరగా పడుతది, మలుపుల బండి మాట వింటది. 1989లో జపాన్ దేశపు మాజ్దా కంపెనీ ఇదే తర్కంతో ఎంఎక్స్-5 అనే రెండు సీట్ల బండి తెచ్చింది. 2016 నాటికి పది లక్షల బండ్లు తయారయినయి. రెండు సీట్ల స్పోర్ట్స్ కార్లలో ప్రపంచంల అంతకన్నా ఎక్కువ అమ్ముడుపోయింది లేదు. దాన్ని తయారు చేసినోళ్లు పెట్టుకున్న సూత్రం పేరు 'జిన్బా ఇత్తాయి'. అంటే గుర్రమూ రౌతూ ఒకటైపోవడం.

క్లాసుల ఈ మాట చెప్పినప్పుడల్లా నాకు గొంతుకు అడ్డం పడేది. ఈ దేశంల గుర్రమెక్కడానికి కులం కావాలె. 2018 మార్చిలో గుజరాత్‌లోని భావ్‌నగర్ జిల్లాలో ఒక దళిత యువకుణ్ని చంపిన్రు. గుర్రం కొని ఎక్కి తిరిగినందుకే చంపిన్రని తండ్రి ఫిర్యాదు చేసిండు. అదే యేడు ఉత్తరప్రదేశ్‌లోని కాస్‌గంజ్ జిల్లాలో ఒక దళిత పెళ్లికొడుకు బరాత్ తీయడానికి హైకోర్టు దాకా పోయి, చివరికి పోలీసుల కాపలాల పెండ్లి చేసుకున్నడు.

గుర్రం దాకా ఎందుకు? 1929లో అంబేద్కర్ మహారాష్ట్రల చాలిస్‌గావ్ పోయిండు. అప్పటికే ఆయన బారిస్టరు. టేషన్ కాడ టాంగావాలాలు ఒక మహర్‌ను కూసోబెట్టుకుని తోలమన్నరు. బండి కిరాయికిచ్చిన్రు గానీ తోలేటోడు రాలే. తోలడం చేతగాని ఒక మహరే పగ్గాలు పట్టిండు. కల్వర్టు మీద టాంగా తిరగబడి బాబాసాహెబ్ కింద పడి దెబ్బలు తగిలించుకున్నడు. ఆయనే 'వెయిటింగ్ ఫర్ ఎ వీసా'లో రాసుకున్న సంగతి ఇది.

మా నాయిన చందనవెల్లిల పటేలు కాడ జీతమున్నడు. కచ్చురం తోలేటోడు. లోపల పరుపు మీద పటేలు ఇంటోళ్లు, బయట నొగ మీద మా నాయిన. యెడ్ల నడకంతా ఆయన చేతికి తెలుసు. ఏ ఎద్దు ఎక్కడ మొరాయిస్తదో, ఏ మలుపుల పగ్గం ఎంత వదలాలో తెలుసు. గుర్రమూ రౌతూ ఒకటి కావడమంటే అదే. ఆ పనితనం ఆయనది, ఆ ప్రయాణం మాత్రం ఇంకొకరిది. తను పోవాలనుకున్న దిక్కుకు ఒక్కనాడన్నా ఆ బండి మళ్లించింది లేదు.

అందుకే పటేండ్లు, పటేండ్లసొంటోళ్లు 'నీకెందుకు' అంటే నేను జవాబు చెప్ప. అప్పా జంక్షన్ నుంచి మొయినాబాద్, చేవెళ్ల మీదుగా మన్నెగూడ పోయే బీజాపూర్ రోడ్డు మీద శని, ఆదివారాలు చూడున్రి. ఫాంహౌజులకు ఎన్ని రకాల కార్లు పోతయో. వాళ్లల్ల ఒక్కణ్నన్న నీకెందుకు అని ఆపి అడిగినోడున్నడా? వాళ్ల కులాసా పుట్టుకతో వచ్చిన హక్కు. నాది మాత్రం సంజాయిషీ ఇచ్చుకోవలసిన నేరం. ఆ ప్రశ్నల ప్రశ్నే లేదు, ఆజ్ఞ ఉంది. సైకిలు దిగి నడువు అన్న పాత ఆజ్ఞే కొత్త గొంతుతోని వస్తది.

ఇంకో రకపోళ్లు మా అభ్యుదయ మిత్రులు. సరుకుల మోజు అన్నరు, మార్కెట్ మాయ అన్నరు, మనిషి సాదాగా బతకాలె అన్నరు. సాదాతనం గొప్పదే. ఉన్నోడు వదులుకుంటే అది త్యాగం. మా అవ్వ ఒక్క చీరతోని ఏడాది ఎల్లదీసింది, దాన్ని ఎవరూ త్యాగమనలే. మేము వదిలేయడానికి ముందు మా చేతికి ఏదన్నా రావాలె గదా! వేల యేండ్లు బలవంతంగా సాదాగా బతికినోళ్లకు సాదాతనం పాఠం చెప్పడానికి కొంచెమన్న సిగ్గుండాలె.

అట్లని ఈ బండి దళిత ఆత్మగౌరవానికి జెండా అని కూడా నేను చెప్ప. అది అబద్ధం. పొద్దుగాల పైకప్పు తీసి మర్రిచెట్ల కింద పోతుంటే ఆకుల సందుల నుంచి ఎండ మీద పడుతది. చేవెళ్ల దిక్కు కొత్తిమీర చేన్ల వాసన బండ్లకే వస్తది. మలుపు కాడ గేరు దించితే ఇంజన్ గొంతు మారుతది. అప్పుడు నాకు ఉద్యమం యాదికి రాదు. ఒట్టి సంతోషం, అంతే. దానికి పెద్ద పేరు పెట్టి కారణం తగిలిస్తే నేను మళ్లా సంజాయిషీ ఇచ్చుకున్నట్టే.

ఒట్టి సంతోషం చిన్నదేం కాదు. చుండూరుల గొడవ మొదలైంది సినిమా హాల్లో కాలు తగిలిందన్న కాడ. 1991 ఆగస్టు 6న ఎనిమిది మంది దళితులను నరికి చంపిన్రు. ఆ పిల్లగాడు హాలుకు పోయింది ధర్నాకు కాదు, సినిమా చూడనీకి. పక్కోని లెక్క కుర్చీల కూసోని నవ్వుకోనీకి. నీళ్ల కోసం, భూమి కోసం, కూలి కోసం కొట్లాడినం. ఏ కారణమూ చెప్పకుండా సంతోషపడే రోజు రాకపోతే ఆ కొట్లాట ఎవరి కోసం?

ఇగ మూడో రకం ప్రశ్న. దీని ముందే నేను నిలబడి ఆలోచిస్త. "నన్నేడ కూసోబెడుతవే?" అన్నది అవ్వ. పక్క సీట్ల అని కూసోబెట్టిన. "మరి నీ అన్న పిల్లలో?" అన్నది. మా అన్న కొడుకు ఇంకా సూటిగ అడిగిండు: "అత్తా, ఆ పైసలతోని ఇద్దరి కోచింగు ఫీజు ఎల్లుతుండె గదా?"

వాడు అడగడంల న్యాయముంది. మా ఊర్ల చాలామందివి లావుణి పట్టాలు. 1977 చట్టం ప్రకారం ఆ భూమిని మేము అమ్ముకోరాదు, సర్కారు మాత్రం తీసుకోవచ్చు. ఇప్పుడు ఆ నేల మీద పారిశ్రామిక వాడ లేచింది, డేటా సెంటర్లు వస్తున్నయి. వాడ అన్న మాట మాకు కొత్త కాదు, ఈ వాడల మాకు జాగా ఎంత అన్నదే కొత్త ప్రశ్న. భూమి పోయిన ఇంట్ల పెరుగుతున్న పిల్లగానికి రెండు సీట్ల కారు లెక్క తప్పినట్టే కనబడుతది.

వానికి నేను చెప్పింది ఇది. నాకు మీతోని అప్పుంది. నేను చదివిన చదువు నా ఒక్కదానిది కాదు, హాస్టలు కోసం, రిజర్వేషన్ కోసం కొట్లాడినోళ్లది. ఆ అప్పు నెలనెలా తీరుస్త, బతికినంత కాలం తీరుస్త. కానీ అప్పు తీర్చి సంతోషానికి పర్మిషన్ కొనుక్కోను. సంతోషం చూపించి అప్పు ఎగ్గొట్ట కూడా ఎగ్గొట్ట. రెండూ వేరువేరు ఖాతాలు. పటేలు కచ్చురం సుఖం మా నాయిన వీపు మీద నిలబడ్డది. నా బండి నేనే తోలుకుంట. అది కూడా రేపు ఎవరి వీపు మీదన్న నిలబడితే చెప్పడానికి పక్కన అడిగేటోడు ఉండాలె.

వాడు ఒప్పుకున్నడని నేను చెప్పలేను. ఇంటికి పోయినప్పుడల్లా మళ్లా అడుగుతనే ఉంటడు. పటేలుకు మూసిన నోరు వాని ముందు తెరుస్త. అడగడం మానొద్దని కూడా చెప్త. అడిగి, పక్క సీట్ల కూసోని, బెల్టు పెట్టుకుంటడు.