చెవికి ఎంత చాలు?

మంచి హెడ్‌ఫోన్స్ కొన్న ప్రతివాడినీ కొన్నాళ్లకి ఒక ప్రశ్న పట్టుకుంటుంది: "దీనికి ఏ యాంప్ కొనాలి?" దీనికి లెక్కగట్టి జవాబు చెప్పొచ్చు. చెప్పాక కూడా మనసు ఊరుకోదు. ఎందుకు ఊరుకోదో చూడాలంటే ముందు ఆ లెక్క చూడాలి.

సెన్‌హైజర్ హెచ్‌డీ 600నే తీసుకుందాం. 1997లో వచ్చిన మోడల్, ఇప్పటికీ చాలామందికి అదే కొలబద్ద. ఇంపీడెన్స్ 300 ఓమ్స్. 1 వోల్ట్ ఇస్తే 97 డెసిబెల్స్ పలుకుతుందని కంపెనీ లెక్క. మీరు సగటున 75 డెసిబెల్స్ దగ్గర వింటారనుకోండి. మృదంగం మీద గట్టి దెబ్బ పడినప్పుడో, సింఫనీలో ట్రంపెట్లు ఒక్కసారి లేచినప్పుడో ఇంకో 20 పైకెళ్తుంది, అంటే 95. దానికి 1 వోల్ట్ కూడా అక్కర్లేదు, 2 మిల్లీవాట్లు చాలు. ఫోన్‌కి తగిలించే మామూలు డాంగిల్స్‌లో చాలావాటికి అది చేతనవుతుంది.

అదే మీ సగటు 85 అయితే? పై అంచు 105కి వెళ్తుంది. ఇప్పుడు రెండున్నర వోల్టులు, 21 మిల్లీవాట్లు కావాలి. సగటు పది డెసిబెల్స్ పెరిగితే పవర్ పదింతలు కావాలి. చెవికి మాత్రం మోత దాదాపు రెట్టింపే అనిపిస్తుంది. హైఫైమాన్ హెచ్‌ఈ-6 లాంటి మొండిఘటాలకి ఇంకా ఎక్కువ కావాలి, అది వేరే సంగతి. యాంప్‌లో చూడాల్సినవి ఇంకొన్ని ఉన్నాయి: బుసలేని నిశ్శబ్దం, హెడ్‌ఫోన్ ఇంపీడెన్స్‌లో ఎనిమిదో వంతుకి మించని అవుట్‌పుట్ ఇంపీడెన్స్, తక్కువ వాల్యూమ్‌లో కూడా మెత్తగా తిరిగే నాబ్. కానీ ఎన్ని వాట్లు కావాలన్నది తేలాలంటే ముందు ఒకటి తేలాలి: మనకి ఎంత శబ్దం చాలు? యాంప్ ప్రశ్న అని మనం అనుకునేది చాలావరకు ఈ ప్రశ్నే.

చెవినే అడుగుదామంటే, వింటున్నప్పుడు చెవి చెప్పే సాక్ష్యం నమ్మదగ్గది కాదు. 1933లో బెల్ ల్యాబ్స్‌లో ఫ్లెచర్, మన్సన్ అనే ఇద్దరు చూపించారు: శబ్దం తగ్గేకొద్దీ మన చెవికి బేస్ మిగతావాటికంటే త్వరగా వినబడకుండా పోతుంది. పెంచితే తిరిగొస్తుంది. అందుకే కాస్త గట్టిగా పలికే యాంప్ మనకి "నిండుగా" వినిపిస్తుంది. తేడా ఒక డెసిబెల్ లోపే అయితే మరీ ప్రమాదం. అది గట్టిదనంగా తెలియదు, నాణ్యతగా తెలుస్తుంది. రెండు యాంపుల్ని నిజంగా పోల్చాలంటే మల్టీమీటర్ పెట్టి రెండిటి వోల్టేజీ సమానం చేసి, ఏది మోగుతోందో తెలియకుండా వినాలి. 1985లో బాబ్ కార్వర్ అనే అమెరికన్ ఇంజనీరు, స్టీరియోఫైల్ పత్రిక సంపాదకులు మెచ్చిన ఖరీదైన యాంప్‌కి తన చవక యాంప్‌ని సరిసమానం చేస్తానని పందెం కాసి, చేసి చూపించాడు. విన్నవాళ్లు తేడా పట్టుకోలేకపోయారు.

"నాకు ఇది నచ్చింది" అంటే ఎవరూ కాదనలేరు. "ఈ యాంప్ గొప్పది కాబట్టి నచ్చింది" అన్నప్పుడు మాత్రం మనం ప్రపంచం గురించి ఒక మాట చెబుతున్నాం. అది తప్పు కావచ్చు. మనసు ఈ రెండిటినీ చడీచప్పుడు లేకుండా కలిపేస్తుంది. పుస్తకం విషయంలోనూ, మనిషి విషయంలోనూ చేసే పనే ఇది. కాకపోతే ఇక్కడ ఆ పొరపాటుకి డబ్బుతోపాటు చెవితో కూడా మూల్యం కట్టాలి.

చెవి లోపల శబ్దాన్ని పట్టే సన్నటి కేశకణాలుంటాయి, ఒక్కో చెవిలో సుమారు 15 వేలు. పోతే మళ్లీ మొలవవు. అమెరికాలో కార్మికుల ఆరోగ్యం చూసే నయోష్ సంస్థ పెట్టిన హద్దు రోజుకి 8 గంటలు, 85 డెసిబెల్స్. ప్రతి 3 డెసిబెల్స్‌కీ వ్యవధి సగం అవుతుంది: 88కి 4 గంటలు, 94కి ఒక గంట, 100కి 15 నిమిషాలు. హెడ్‌ఫోన్ ప్రియులు ఈ 85ని ఒక అనుమతి పత్రంలా చూపిస్తుంటారు. 40 ఏళ్లు ఆ మోతలో పనిచేస్తే వందలో అదనంగా ఎనిమిది మందికి వినికిడి దెబ్బతింటుందని ఆ సంస్థే లెక్కగట్టింది. సరదాగా వినేవాళ్లకి ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పేది ఇంకా తక్కువ: వారానికి 40 గంటలు, 80 డెసిబెల్స్.

మా పెదనాన్న ముప్ఫై ఏళ్లు రైస్ మిల్లులో పనిచేశారు. ఇప్పుడు ఫోన్ చేస్తే మా మాటల్ని పెద్దమ్మ పక్కన కూర్చుని ఆయనకి గట్టిగా మళ్లీ చెప్పాలి. ఆ మిల్లులో ఆయన చేతికి ఎవరూ వాల్యూమ్ నాబ్ ఇవ్వలేదు. నాబ్ చేతిలో ఉన్న మనం, ఆయనలాంటివాళ్ల కోసం గీసిన హద్దుని మన సరదాకి కొలతగా వాడుకోవడం నాకు మింగుడుపడదు.

"నా చెవి, నా ఇష్టం" అనొచ్చు. డెరెక్ పార్ఫిట్ అనే బ్రిటిష్ తత్వవేత్త 1984లో వచ్చిన 'రీజన్స్ అండ్ పర్సన్స్'లో ఈ మాటనే కదిలించాడు. సిగరెట్ మొదలుపెట్టిన ఒక కుర్రాడికి, యాభై ఏళ్ల తర్వాత తను పడబోయే బాధ పెద్దగా పట్టదు. ఆ ముసలివాడు అతనికి దాదాపు పరాయివాడే. అలాగైతే అతనికి చేసే హానిని కూడా పరాయివాడికి చేసిన హానిలాగే తూచాలి కదా అంటాడు పార్ఫిట్. అరవై ఏళ్ల నేను ఏం వినాలనుకుంటానో నాకు తెలియదు. మనవరాలి గుసగుస కావచ్చు, ఇదే రికార్డు కావచ్చు. అతన్ని అడగకుండా అతని కేశకణాలు ఖర్చుపెట్టే హక్కు నాకెక్కడిది?

అలాగని సంగీతాన్ని మందులా కొలిచి తాగమనడం లేదు. డప్పు, మెటల్, తీన్‌మార్ లాంటివాటిలో గట్టిదనమే సగం ఆనందం. మోతాదు అనేది కూడిక. ఎప్పుడైనా రెండు పాటలు మోత మోగించి, మిగతా రోజులు నెమ్మదిగా వినొచ్చు. అది తెలిసి చేసే ఖర్చు. ఇవాళ 75, నెలాఖరుకి 78, ఏడాదికి 84 అని ఎవరూ నిర్ణయించకుండానే ఎక్కే మెట్లతోనే నా పేచీ.

కచేరీలో పాట మొదలవకముందే శ్రుతి పెట్టుకుంటారు. పాట మధ్యలో ఉత్సాహం వచ్చిందని శ్రుతి పెంచరు. వాల్యూమ్ కూడా అలాగే ముందే తేల్చుకోవాల్సింది. ఫ్యాన్ ఆపి, కిటికీ మూసి, అయిదు నిమిషాలు ఊరికే కూర్చోండి. హెచ్‌డీ 600 ఓపెన్-బ్యాక్, వీధి మోతంతా లోపలికొస్తుంది. మనం నాబ్ తిప్పేది చాలాసార్లు ఆ మోతని గెలవడానికే. గది నిశ్శబ్దం కుదరకపోతే క్లోజ్డ్-బ్యాక్ వాడటం మేలు. తర్వాత సున్నా నుంచి పైకి రండి. గాయకుడి ఊపిరి, పదాల చివరి హల్లులు తెలిసే చోట ఆగండి. అక్కడ నాబ్ పక్కన పెన్సిల్‌తో చిన్న గీత గీయండి.

ఆ గీత దగ్గర మీ హెడ్‌ఫోన్స్ హాయిగా పలికితే మీకు యాంప్ ఉన్నట్టే. పలకకపోతే కొనండి, తప్పులేదు. మొదటి వారం కాస్త పల్చగా అనిపిస్తుంది. రెండో వారానికి చెవి తనే ముందుకొచ్చి వినడం మొదలుపెడుతుంది.