చేస్తానన్న మాట ఎవరిది?

మలేసియాలో పన్నెండేళ్లు నిండితే మైకాడ్ అనే గుర్తింపు కార్డు చేతికొస్తుంది. మా పక్కింటి పక్ హాజీ కార్డు మీద 'ఇస్లాం' అని అచ్చయి ఉంటుంది. నా కార్డు మీద ఆ చోటు ఖాళీ. నేను రాముణ్ణి కొలిచినా, ఎవరినీ కొలవకపోయినా ఆ కార్డుకు పట్టదు. పెరాక్‌లోని బగాన్ దతోక్ కొబ్బరితోటల్లో పుట్టి, బడిపంతులుగా పనిచేసి రిటైరైన తెలుగువాణ్ణి నేను. మతం పుట్టుకతో వచ్చేదా, మనిషి తనంతట తాను పట్టుకునేదా అన్న ప్రశ్న నాకు పుస్తకాల్లో ఎదురుపడలేదు. ప్రహరీ అవతలి నుంచే వచ్చింది.

మా రాజ్యాంగం 160వ అధికరణం మలయ్ అంటే ఎవరో చెబుతుంది. ఇస్లాంను అనుసరించాలి, మలయ్ భాష అలవాటుగా మాట్లాడాలి, మలయ్ ఆచారం పాటించాలి. 1957 స్వాతంత్ర్యం నాటికే ఇక్కడో సింగపూర్‌లోనో తనకో తనవాళ్లకో పుట్టుకో నివాసమో ఉండాలి. రక్తం ప్రస్తావనే లేదు. మా తాత ఆనాడు ఇస్లాం తీసుకుని ఇంట్లో మలయ్ మాట్లాడి ఉంటే, నేనూ మలయ్‌నే అయ్యేవాణ్ణి. మలయ్ భాషకు తొలి ఆధారాలు సుమత్రాలోని 7వ శతాబ్దపు శ్రీవిజయ శాసనాలు. వాటిని చెక్కించిన బౌద్ధులకు మాత్రం ఈ నిర్వచనంలో చోటు లేదు.

లోపలికి దారి వెడల్పే. బయటికి రావాలంటే? క్రైస్తవం తీసుకున్న ఒక మలయ్ స్త్రీ తన కార్డు మీద మతాన్ని తీసేయమని కోరింది. 2007లో లీనా జాయ్ కేసుగా పేరుపడిన ఆ వ్యాజ్యంలో ఫెడరల్ కోర్టు, ముగ్గురిలో ఇద్దరి మాటతో, ముందు షరియా కోర్టు పత్రం తెమ్మంది.

ఈ కట్టుబాటు ఊరికే పుట్టలేదు. బ్రిటిష్‌వాళ్ల హయాంలో తగరపు గనులకు చైనీయులు, రబ్బరు తోటలకు మనవాళ్లు వచ్చారు. స్వాతంత్ర్యం నాటికి మలయులు తమ నేల మీద తామే సగానికి అటూ ఇటూగా మిగిలారు. బయటినుంచి వచ్చినవాళ్లకు పౌరసత్వం, మలయులకు 153వ అధికరణంలో ప్రత్యేక స్థానం అని నాయకులు రాజీకొచ్చారు. నా పౌరసత్వం ఆ రాజీలో సగం. మిగతా సగాన్ని తప్పుపట్టే హక్కు నాకు లేదు.

నా పేచీ మలయ్ గుర్తింపును మతంతో ముడివేయడం గురించే. ఒక సాయంత్రం ఉండబట్టలేక అడిగాను. "నియ్యత్, అంటే మనసులో చేసుకునే ఉద్దేశం, లేని నమాజు నమాజే కాదంటారు కదా పక్ హాజీ. వదిలే వీలు లేనివాడి నియ్యత్ మాటేమిటి?"

"చిక్‌గు," అన్నారాయన. మాస్టారిని ఇక్కడ అలాగే పిలుస్తారు. "మీరు రాముణ్ణి ఆరా తీసి ఎంచుకున్నారా?"

లేదు. అమ్మ ఒళ్లో పడుకుని భజన విన్నాను, అంతే.

"మాకూ అంతే. పైగా ఇది చెదిరితే మేమెక్కడికి పోతాం? మీకు వెనక ఇండియా ఉంది."

నాకు ఇండియా లేదని చెప్పాను. మా తాత ఏ ఊరినుంచి ఓడెక్కాడో ఇంట్లో ఎవరికీ తెలియదు. ఆయన తలూపారు. కానీ ఆయన మొదటి ప్రశ్న నన్ను వదల్లేదు.

దానికి జవాబు మా పూజలోనే ఉందనిపిస్తుంది. పంతులుగారు సంకల్పం చెప్పిస్తారు. కాలం, చోటు, గోత్రం, పేరు... వీటిలో నేను ఎంచుకున్నది ఒక్కటీ లేదు. చివర 'చేస్తాను' అన్నది మాత్రం నా నోటితో నేనే అనాలి. అంతకుముందు పలికినదంతా పెద్దలు ఇచ్చింది, ఆ ఒక్క మాట నాది. నియ్యత్ కూడా ఇలాంటిదే. పుట్టుక మనిషిని వాకిలి దాకా తెస్తుంది. ఆ పైన అడుగు అతనిదే. గోత్రానికి ప్రభుత్వం సాక్ష్యం చెప్పగలదు, సంకల్పానికి చెప్పలేదు.

జొహోర్ వంతెన దాటితే మరో దారి కనిపిస్తుంది. సింగపూర్ రాజ్యాంగంలో ఎన్నికల కోసం 1988లో చేర్చిన అధికరణం ప్రకారం, తాను మలయ్ సమాజంవాణ్ణనుకునేవాడు, ఆ సమాజం ఒప్పుకునేవాడు మలయ్. మతం ఊసు లేదు. అక్కడి మలయులు ఇప్పటికీ దాదాపు అందరూ ముస్లింలే.

నా కార్డు మీది ఖాళీని చూసి నేను మురిసిపోవడం లేదు. ఎవరూ పట్టించుకోని స్వేచ్ఛ భక్తికి రుజువు కాదు. కానీ పక్ హాజీ సంగతి వేరు. తలుపులన్నీ బార్లా తెరిచి ఉంచినా ఆయన ఎక్కడికీ వెళ్లరు, తెల్లవారుజామున మసీదుకే నడుస్తారు. ఆ నడక పూర్తిగా తనదేనని లోకానికి చూపించే అవకాశాన్ని, ఆయన్ని కాపాడుతున్నానంటున్న చట్టమే ఆయనకు లేకుండా చేసింది.