ప్రారబ్ధమును పరిహారమును

రహదారిమీద నొక మనుష్యుడు నెత్తురోడుచు పడియున్నపుడు, చుట్టును మూగిన జనములో నెవరో ఒకరు, వాని నాడి చూడకమున్నే, ‘వాని రాత యంతే’ యనుట మన దేశమున ప్రతిదినము వినవచ్చు మాట. ఆ మాటయందు క్రౌర్యము లేదు. దుఃఖమును మోయుటకు తరతరములుగా మనము నేర్చుకొన్న యుపాయ మొకటి అందున్నది. అయినను ఆ మాటనే, ఆస్పత్రి బిల్లు చేతబట్టుకొని వరండాలో నిలుచున్న యిల్లాలితో లారీ యజమాని పలికినపుడు, వినువారి మనస్సు కలుక్కుమనును. కర్మసిద్ధాంతమును నమ్మువారమైన మనము ఈ తేడాను ఆ సిద్ధాంతముతోనే నిరూపింపగలమా, లేక కర్మ యొక త్రోవ, మోటారు వాహనముల చట్టము వేరొక త్రోవ, రెండును ఎన్నడును కలియవని యొప్పుకొని యూరకుండవలయునా యనునది నన్ను చాలకాలముగా వేధించుచున్న ప్రశ్న.

ప్రారబ్ధమనగా ఫలమీయ నారంభించిన పూర్వకర్మము. అది యెట్టిదో ఫలమును జూచి యూహింపవలసినదే గాని ముందుగా చూచినవాడెవడును లేడు. కాలు విరుగుట ఫలించిన విషయము. ఆ కాలు అతుకునా, అతుకదా, ఆ ప్రాణము నిలుచునా, నిలువదా యనునది ఇంకను ఫలింపని విషయము. కావున చికిత్స జరుగకమున్నే ‘ఆయువు తీరిన’దనువాడు భక్తుడును గాడు, జ్ఞానియును గాడు, తనకు తెలియనిదానిని తెలిసినట్లు పలుకుచున్నవాడు. యాజ్ఞవల్క్యస్మృతి ఒంటిచక్రముతో రథము నడువదని చెప్పి, పురుషప్రయత్నము లేని దైవమును అట్టిదానినిగానే యెంచినది. గాయపడినవానికి చికిత్స చేయుటలో ప్రభుత్వ వైద్యుడని, ప్రైవేటు వైద్యుడని భేదము లేదనియు, పోలీసు కాగితములకై వేచియుండరాదనియు 1989లో పరమానంద్ కటారా కేసున సర్వోన్నత న్యాయస్థానము చెప్పినపుడు, ఆ తీర్పున ఈ యర్థమే నాకు స్ఫురించును. గాయము తగిలినది మొదలు ఒక గంటను ‘గోల్డెన్ అవర్’ అని నేటి చట్టము నిర్వచించినది. 2005లో హైదరాబాదున మొదలైన 108 అంబులెన్సు ఆ గంటకొరకు పుట్టినది. మోటారు వాహనముల చట్టమునకు 2019లో వచ్చిన సవరణయు, దాని ననుసరించి వచ్చిన నియమములును, గాయపడినవానిని ఆస్పత్రికి చేర్చిన దారినపోవువానిని ఏ బాధ్యతకును లోనుచేయరాదని, వాని పేరు చెప్పుమని నిర్బంధింపరాదని విధించినవి. 2025లో కేంద్రప్రభుత్వము తెచ్చిన పథకము ప్రకారము, నియమిత ఆస్పత్రులలో, ప్రమాదదినము మొదలు 7 దినములవరకు, 1,50,000 రూపాయల మేరకు, రోగి చేతినుండి పైకము చెల్లింపకయే చికిత్స పొందవచ్చును. ఈ విషయము తెలియని కుటుంబము పుస్తెలతాడు కుదువబెట్టుటకు పరుగెత్తుచున్నచో, అది దైవలిఖిత మనుటకు నాకు నోరాడదు. వారికి చెప్పవలసినవారు చెప్పలేదు.

మన ధర్మశాస్త్రములు కర్మసిద్ధాంతమును సంపూర్ణముగా నమ్మినవే. అయినను బండి తగిలినవాని విషయమున అవి చేతులు దులుపుకొనలేదు. మనుస్మృతి యెనిమిదవ యధ్యాయమున బండి ప్రమాదముల ప్రకరణ మొకటి కలదు. పశువు ముక్కుత్రాడు తెగుట, కాడి విరుగుట, ఇరుసు విరుగుట మొదలుగా పది సందర్భములలో దండన లేదని చెప్పి, తోలువాని చేతగానితనముచే బండి త్రోవతప్పి హాని చేసినచో యజమానికి ఇన్నూరు పణముల దండన యనియు, తోలువాడు నేర్పరియైనచో దోషము వానిదే యనియు నది విభజించినది. తొలగుడని కేకవేసి హెచ్చరించుటయు నా పదింటిలో నొకటి. హారను మ్రోగించితినని నేటి డ్రైవరు చెప్పుకొను సాక్ష్యము అంత ప్రాచీనమైనది. అదే యధ్యాయమున, కొట్లాటలలో ఒకని యవయవమునకు దెబ్బ తగిలినను, నెత్తురు కారినను, వాడు లేచి తిరుగువరకు నగు వ్యయమును కొట్టినవాడే యిచ్చుకొనవలెనని విధి యున్నది. యూదుల ధర్మమును చెప్పు నిర్గమకాండమునందును అట్టి గాయమునకు పని పోయిన దినముల నష్టము నిచ్చి, పూర్తిగ బాగుచేయింపవలెనని యున్నది. వర్ణమునుబట్టి దండనలను హెచ్చించి తగ్గించిన స్మృతులను నేను నేటి న్యాయమునకు ప్రమాణముగా చూపుటలేదు. పూర్వజన్మమును మనకంటె దృఢముగా నమ్మిన శాస్త్రకారుడు గాయమునకు కారకుడైనవానిచే డబ్బుసంచి విప్పించుటకు వెనుదీయలేదని చూపుటయే నా యుద్దేశము.

ఏల వెనుదీయలేదు? ఒకే సంఘటన తగిలినవానికి ప్రారబ్ధము, తగిలించినవానికి ఆగామి, అనగా ఇకముందు ఫలింపబోవు క్రొత్తకర్మము. గాయపడినవాడు ఏ జన్మలోని ఫలమునో అనుభవించుచున్నాడని యొప్పుకొన్నను, నిద్రమత్తులో స్టీరింగు పట్టినవాడు, అరిగిపోయిన బ్రేకులతో బండిని రోడ్డుపైకి పంపినవాడు క్రొత్తకర్మము చేసినవారే. ఆ కర్మమునకు ఫలము వారిది. ఎదుటివాని పూర్వకర్మము వీరికి రసీదు కానేరదు. కనుక ‘ఇది నా ప్రారబ్ధము’ అని పడకమీదనున్నవాడు తనలో తాననుకొనుట ద్వేషమును చల్లార్చు తపస్సు కావచ్చును. ‘అది నీ ప్రారబ్ధము’ అని బాకీపడినవాడనుట సిద్ధాంతద్రోహము.

ఇచట ప్రాయశ్చిత్తమును గూర్చి ఒకమాట చెప్పవలెను. ప్రమాదము చేసినవాడు పాపభీతి గలవాడైనచో తిరుమలకు పోయి తలనీలాలిచ్చును, ఊరి గుడిలో అన్నదానము చేయించును. ఆ భీతి నిజమైనది. దానిని నేనెన్నడును తక్కువచేయను. కాని ప్రాయశ్చిత్తము కర్త శుద్ధికొరకు. ఋణము తీరుట ఋణదాత చేతికి అందినప్పుడే. హుండీలో పడిన రూపాయి విరిగిన తొడయెముకకు రాడ్డు వేయింపదు, ఆరునెలలు పనికి పోలేని తాపీమేస్త్రి యింట బియ్యము నింపదు. దేవుని సన్నిధిని కన్నీరు కార్చినవాడే తన బండికి బీమా లేదని తెలిసి, క్లెయిము నోటీసును తీసికొనక తిప్పిపంపుట చూచినపుడు, వాని భక్తిని అబద్ధమని యనలేకపోయినను, అది సగము దూరముననే యాగిపోయినదని మాత్రము చెప్పవలసియున్నది.

పరిహారము పుచ్చుకొనుట నెత్తుటి కూడు తినుటయని సంకోచించువారు నేటికిని మన పల్లెలలో గలరు. ప్రాణమునకు వెల గట్టుదురా యని వారి ప్రశ్న. పరిహారమును నిర్ణయించు ట్రిబ్యునలు లెక్కను తొలిసారి చూచినవానికి ఆ రోత సహజమే. 2009లో సరళావర్మ కేసున స్థిరపడిన పద్ధతి ప్రకారము, మృతుని సాలుసరి యాదాయమున వాని సొంత ఖర్చు తీసివైచి, మిగిలినదానిని వయస్సును బట్టి హెచ్చవేయుదురు: 25 ఏండ్లవానికి 18, 40 ఏండ్లవానికి 15, 65 దాటినవానికి 5. కాని ఆ లెక్కలో వెల కట్టబడినదేది? వాడు తెచ్చు కూలి, దానితో తల్లికి కొను మందులు, పిల్లల బడిజీతము. ఆత్మకు వెల లేదని చెప్పు శాస్త్రము ఆకలికి కొలత లేదని ఎన్నడును చెప్పలేదు. 2010లో రాజ్‌కుమార్ కేసున సర్వోన్నత న్యాయస్థానము మరింత సూక్ష్మముగా చూచినది: ఎడమచేయి పోయిన గుమాస్తా యుద్యోగము నిలువవచ్చును, అదే చేయి పోయిన వడ్రంగికి బ్రదుకుతెరువే పోవును, కావున డాక్టరు వ్రాసిచ్చిన వైకల్యశాతము నట్లే తీసికొనక, ఆ మనుష్యుని పనిని చూచి నష్టమును నిర్ణయింపవలెను. దేహమును పనినుండి విడదీయక చూచుట నాకు గొప్ప ధర్మదృష్టిగా తోచును.

ఆదాయమును బట్టి నడచు లెక్కలో ధనవంతుని కుటుంబమునకు అధికము, కూలివాని కుటుంబమునకు అల్పము వచ్చును. ఇది నాకు మింగుడుపడని విషయమని దాచను. కాని ఆ తీర్పులలోనే వేరొక పద్దు కలదు. సహచరుని కోల్పోయినందులకు 40,000 రూపాయలని 2017లో ప్రణయ్ సేఠీ కేసున రాజ్యాంగ ధర్మాసనము నిర్ణయించి, మూడేండ్ల కొకసారి నూటికి పదివంతున పెంచుమన్నది. ఈ మొత్తము కలెక్టరు భార్యకును, రిక్షావాని భార్యకును ఒకటే. కూలిని కొలువగలిగిన చోట చట్టము తారతమ్యము చూపినది; దుఃఖమును కొలువలేని చోట అందరిని సమానులను చేసినది. తన కొలబద్ద యెచట విరుగునో ధర్మాసనము అచట నిజాయితీగా నిలిచినదని నా నమ్మకము.

ఢీకొట్టిన వాహనమేదో తెలియక పోయినపుడు ఋణము ఎవరిది? దొంగ దొరకనిచో సొమ్ము పోయినవానికి రాజు తన కోశమునుండి యీయవలెనని గౌతమధర్మసూత్రము. రక్షింతునని పన్ను పుచ్చుకొన్నవాడు రక్షింపలేనిచో బాకీపడును. నేటి చట్టమున అట్టి ప్రమాదములలో మరణమునకు 2,00,000, తీవ్రగాయమునకు 50,000 రూపాయలు 2022 నుండి నిర్ణయింపబడినవి. చాలునా యన్నచో చాలదు. కాని దోషి కానరానంతమాత్రమున ఋణమే లేదనుటకు మనకు వీలులేకపోయినది.

చివరకు కాలమును గూర్చి. 2019 సవరణ క్లెయిము దాఖలుచేయుటకు ప్రమాదదినము మొదలు ఆరు నెలల గడువు పెట్టినది. ఆ గడువు న్యాయసమ్మతమా యను ప్రశ్న న్యాయస్థానములయం దున్నను, చట్టమున నది యట్లే యున్నది. మన యిండ్లలో పదునొకండవ దినము, మాసికములు, షాణ్మాసికము వరుసగా వచ్చుచుండగా, కాగితముల మాట యెత్తుట అపచారమని పెద్దలు వారింతురు. షాణ్మాసికము పెట్టు నాటికే గడువు తీరుచున్నది. కర్మకాండ జరిపించు పెద్దయే, పరామర్శకు వచ్చిన మేనమామయే, ఎఫ్.ఐ.ఆర్. నకలు, పోస్టుమార్టం రిపోర్టు, ఆస్పత్రి బిల్లులు, ఆ బండి బీమా వివరములు ఒక సంచిలో చేర్చి, తొలి నెలలోనే న్యాయవాది యింటికి ఆ యిల్లాలిని వెంటబెట్టుకొని పోవలెను.